చిన్న పుండని చిన్నచూపు వద్దు

కాలి వేళ్ల సందున ఒరుపు, మడమ పగులు, చెప్పు రాసుకుని లేచిన బొబ్బ. ఏ ఇంటిలోనూ ఇవి పెద్ద విషయాలుగా కనిపించవు. కానీ ఆ ఇంటిలో మధుమేహం ఉంటే ఇవే కాలును తీసివేయవలసిన స్థితికి దారితీయవచ్చు. తోపుడు బండిపై, ఆటోపై బతికే మనిషికి కాలు పోవడమంటే ఇంటిల్లిపాదికీ కూడు పోవడమే. అందుకే దీనిని వైద్య సమస్యగానే కాక హక్కుల సమస్యగా కూడా మేము చూస్తున్నాం.

దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. రక్తంలో చక్కెర దీర్ఘకాలం అదుపు తప్పితే నరాలు మొద్దుబారుతాయి, రక్తప్రసరణ తగ్గుతుంది, సూక్ష్మజీవులను ఎదిరించే శక్తి సన్నగిల్లుతుంది. నొప్పి లేదు కనుక ప్రమాదం లేదనుకోవడమే అసలు ప్రమాదం.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారికి పాదాలను పరిశీలించుకునే అవకాశం కూడా అన్నిసార్లు లభిస్తుంది. కడిగిన పిమ్మట వేళ్ల సందులను పొడిగుడ్డతో తుడుచుకోవాలి. తడి నిలిచిన చోటనే శిలీంధ్రం పెరుగుతుంది. గాయానికి నీరు హానికరమని వైద్యులు చెబితే షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. ఆలిములను అడిగి దానిని వినియోగించుకోవాలి.

చిన్న గాయమైతే సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డతో కట్టాలి. సెగగడ్డను పిండరాదు. సున్నం, కాఫీపొడి, బూడిద అద్దరాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ లేపనాలు తామరను తాత్కాలికంగా అణచి, తరువాత మరింత పెంచుతాయి. వైద్యుని చీటీ లేకుండా వీటిలో అనేకం అమ్మరాదని కేంద్రం 2018లో ఆంక్ష విధించినా అమ్మకం ఆగలేదు. పాదంపై పుండు పడితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. ఎరుపు పాకినా, వాచినా, చీము పట్టినా, చర్మం నల్లబడినా, జ్వరం వచ్చినా అదే రోజు దవాఖానాకు వెళ్లాలి.

అయితే జాగ్రత్తలు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పగటివేళ మాత్రమే తెరిచే దవాఖానాకు వెళ్లాలంటే రోజుకూలీ ఆనాటి కూలిని వదులుకోవాలి. పరపురుషునికి కాలు చూపడానికి సంకోచించే అమ్మ, పుండు ముదిరేదాకా దాచుకుంటుంది. కనుక మన బస్తీలలో సాయంత్రపు వైద్యసేవలు, మహిళా వైద్యులు, ఉర్దూ తెలుగు భాషలలో సూచనలు ఉండాలని కోరుదాం. చక్కెర పరీక్షతోపాటు పాదాల పరీక్ష కూడా జరగాలని పట్టుబడదాం. మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత పాదపరీక్షా శిబిరాలు నిర్వహించవచ్చు. మన యువకులు అర్జీలు రాసి అధికారులను కలవవచ్చు.

ఈ రాత్రి పడుకునే ముందు మన ఇంటి పెద్దల పాదాలను ఒకసారి వెలుతురులో చూద్దాం. రేపు ఉదయం మన బస్తీ దవాఖానా తలుపు తడదాం.