గడ్డిని కాపాడువానికి కూలి లేదా?

కొంగునాటిలో కాంగేయము, ధారాపురము, వెళ్ళకోవిలు, మూలనూరు ప్రాంతములందు తరతరములుగా నివసించుచున్న మన తెలుగు కుటుంబములకు కొరంగాడు అననేమో చెప్పనక్కరలేదు. కాని ఈ పత్రికను బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను, యానాములోను చదువు సోదరులున్నారు. వారి కొరకు రెండు మాటలు.

కొరంగాడనగా సొంత పట్టా కలిగిన మేతబీడు. ఊరుమ్మడి పోరంబోకు కాదు. అడవి శాఖవారి భూమియు కాదు. కంచెకు ముల్లు కిళువై, నేలకు కొళుక్కట్టై గడ్డి, నీడకు తెల్లతుమ్మ - ఈ మూడే దాని ఆస్తి. కిళువై కొమ్మలను నాటినచో వేరూని బ్రతికిన కంచె యగును. దానికి ఇనుప తీగతో పనిలేదు. కొళుక్కట్టై గడ్డి ఒకసారి పాతుకొన్నచో ఎండకు మాడినను చావదు. ఒక్క వాన పడగానే మరల చిగుర్చును. తెల్లతుమ్మ కాయలు రాలు కాలమున గొఱ్ఱెలకు అదియే బలమైన మేత. పడమటి కనుమల చాటున వర్షము తక్కువగా పడు ఈ సీమలో, నాగలి పెట్టినవాడు అప్పులపాలగుచుండగా, బీడును బీడుగా ఉంచినవాడు పశువును సాకి బ్రతికెను. కాంగేయపు ఎద్దు ఈ గడ్డి మీద పుట్టినది. పుట్టినప్పుడు ఎఱ్ఱగానుండి, ఆరు మాసములు దాటుసరికి బూడిదవన్నెకు తిరుగు ఆ దూడను ఎరుగని కొంగు రైతు లేడు. పాళయకోట పట్టగారు వంశీయులు ఆ జాతిని పెంచి పేరు తెచ్చిరి. మేచేరి గొఱ్ఱెయు ఈ బీళ్ళనే నమ్ముకొన్నది.

ఇట్టి బీళ్ళను కాపాడు భూస్వాములకు ప్రభుత్వము ప్రోత్సాహకముగా కొంత పైకమీయవలెనను మాట వచ్చినప్పుడెల్ల, పట్టణములలో కూర్చున్న పెద్దమనుష్యులు కొందరు నవ్వుచున్నారు. "దున్నక, విత్తక, ఊరక పడవేసిన భూమికి ఖజానా సొమ్మా? ఇది సోమరులకు పింఛను కాదా?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు మేము సూటిగా సమాధానము చెప్పదలచితిమి.

మొదటి మాట. బీడు ఊరక పడియుండునది కాదు. కంచెలో ఏటేట చచ్చిన కొమ్మలను తీసి క్రొత్తవి నాటవలెను. సర్కారు తుమ్మ మొలకలను వేరుతో పెకలింపవలెను. రెండేండ్లు ఏమరినచో అది గడ్డిని మింగి, బీడును ముండ్లపొదగా మార్చును. వానలు పడిన వెంటనే పశువును తోలక, గడ్డి విత్తు రాలువరకు ఓపిక పట్టవలెను. ఒక బీడును మేపి, మరియొక బీడును మూసి, వంతులవారీగా నడపవలెను. ఇది పని కాదా? చేతికి ముల్లు గుచ్చుకొననివాడు దీనిని సోమరితనమనిన మేమేమి చెప్పగలము?

రెండవ మాట మరింత ముఖ్యమైనది. ప్రభుత్వము ఈ విషయమున ఇంతవరకు తటస్థముగా ఉన్నట్లును, ఇప్పుడే క్రొత్తగా ఒక పక్షమునకు సొమ్ము ఇయ్యమని మేము అడుగుచున్నట్లును ఈ పెద్దలు మాటలాడుచున్నారు. అది నిజము కాదు. బీడును చీల్చి బోరు వేసినవానికి తమిళనాట కరెంటు ఉచితము. కొబ్బరి పెట్టి బిందు సేద్యము చేసినవానికి సబ్సిడీ. పైరు పెట్టినవానికి 2016 నుండి ప్రధానమంత్రి పేర పంటల బీమా. అందులో ఆహారధాన్యములు, నూనెగింజలు, వాణిజ్యపు పంటలు, తోటపంటలు చేరినవి గాని మేతబీడు చేరలేదు. గడ్డికి బోరు అక్కరలేదు, మోటారు అక్కరలేదు. కనుక ఈ సహాయములలో దాని పాలు శూన్యము. అనగా గడ్డిని చంపువానికి బహుమానము ఎన్నడో ఏర్పడియున్నది. కాపాడువానికి కూలి అడిగినప్పుడే ఖజానా గుర్తుకు వచ్చుచున్నది. మేము వర్తకులము, తక్కెడ పట్టి బ్రతుకువారము. ఒక తట్టలో అన్ని రాళ్ళును వేసి, రెండవ తట్ట తేలిపోయినదేమని అడుగువానిని మా బజారులో ఏమందురో ఇచ్చట వ్రాయము.

మూడవ మాట. ఈ పద్ధతి లోకములో లేనిది కాదు. పొరుగునున్న కేరళ ప్రభుత్వము వరిపొలమును పూడ్చక పొలముగానే ఉంచు యజమానులకు 2020లో హెక్టారుకు ఏటా 2,000 రూపాయల వంతున రాయల్టీ యను పేర ఇయ్యసాగెను. వరిపొలము నీటిని నిలుపును, భూగర్భజలమును పెంచును. ఆ మేలు ఊరందరికిని చెందును గనుక ఊరందరి పక్షమున ప్రభుత్వము చెల్లించుచున్నదని దాని తాత్పర్యము. అమెరికాలో 1985 నాటి చట్టముతో భూమిని సాగునుండి విడిచి కాపాడు రైతునకు ఏటేట కౌలువంటి మొత్తమును ఇచ్చు ఏర్పాటు వచ్చినది. తరువాత మేపుకొనుచునే పచ్చిక బయళ్ళను నిలుపువారికిని అందులో చోటు కల్పించిరి. చైనా దేశము 2011లో పచ్చిక బయళ్ళ రక్షణకై కాపరులకు సహాయధనమును ప్రారంభించెను. వరిపొలమునకు న్యాయమైనది మేతబీడునకు అన్యాయమెట్లగును?

మేలు యజమానునిదే గదా యనువారికి ఒక్క లెక్క. 2005కును 2015కును నడుమ మన దేశమున పచ్చిక బయళ్ళు సుమారు 180 లక్షల హెక్టార్లనుండి 123 లక్షల హెక్టార్లకు తగ్గినవని 2019లో భారత ప్రభుత్వమే ఎడారీకరణ నివారణకై యేర్పడిన అంతర్జాతీయ సభకు తెలిపిన లెక్కలు చెప్పుచున్నవి. పదేండ్లలో మూడవ వంతుకు కొంచెము తక్కువ! ఇంత పోయినను కలవరము లేకుండుటకు కారణమొకటి కలదు. చెట్టున్న చోటే పచ్చదనమని, పైరున్న చోటే భూమియని మనకు అలవాటైనది. పైరు లేని నేలను అడంగలులో తరిశు అని వ్రాయుదురు. పేరు చెడినచో బ్రతుకు చెడినట్లే. తరిశు అని పేరు పడిన నేలపై గాలిమర వచ్చినను, సౌరవిద్యుత్తు పలకలు పరచినను, ఇండ్ల స్థలములుగా కోసినను, "పనికిరాని భూమి పనికి వచ్చినది" అని సంతసింతురు. ఆ నేలమీద ఎన్ని పశువులు మేసెనో, ఎన్ని పిట్టలు గూడు పెట్టెనో, ఎంత వాననీరు ఇంకెనో ఎవరు వ్రాసిరి? గాలిమరయు సౌరవిద్యుత్తును దేశమునకు వలయును, మేము కాదనము. అవి పచ్చని మేతబీడునే వెదకికొని రానక్కరలేదని మాత్రమే మా మనవి.

ఇక అసలు లెక్కకు వత్తము. ఇండ్ల స్థలముల ధరతో పోటీపడు సొమ్ము ఏ ప్రభుత్వముచేతను కాదు. కేరళ యిచ్చిన 2,000 రూపాయలు ఎకరమునకు లెక్కించిన 800 పైచిల్లర మాత్రమే. దీనితో ఎవడు భూమిని అమ్మక నిలుచునని అడుగవచ్చును. కాని మా ప్రాంతమున బీడు అమ్ముకొన్న చిన్న కుటుంబములలో చాలభాగము దురాశచేత అమ్మలేదు. కంచె మరమ్మతుకు కూలి దొరకక, వానలు లేని యేడు కౌలు రాక, కుమారుడు తిరుప్పూరు బనియను కార్ఖానాకు పోయి పశువును చూచువారు లేక, ఏటేట చిన్న లోటు పేరుకొని పెద్దదై, తుదకు దళారి చేతికి పత్రము పోయినది. ఆ చిన్న లోటును పూడ్చుటకు చిన్న మొత్తమే చాలును. ఓడ మునుగునది సముద్రముచేత కాదు, అడుగున పడిన చిల్లిచేత.

మా మాట ఇచ్చటితో నిలిపినచో భూస్వాముల వకాల్తా పుచ్చుకొన్నట్లగును. అందుచేత రెండవ పక్షమును గూడ చెప్పవలసియున్నది. షరతు లేని సొమ్ము సొమ్ము కాదు, లంచము. ఏడాది పైకము పుచ్చుకొని మరుసటి ఏడు ప్లాట్లు వేయువానికి ఒక్క పైసయు ఇయ్యరాదు. ఇచ్చినది వడ్డీతో రాబట్టవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. చాల బీళ్ళలో మేపువాడు పట్టాదారు కాడు. కౌలుకు పుచ్చుకొని గొఱ్ఱెలు తోలు పేదలు - అందులో మన భాషయే ఇంట మాటలాడు భూమిలేని కుటుంబములు అనేకము - ఈ పద్దులో ఎచ్చటను కనబడరు. పట్టాదారునకు సర్కారు సొమ్ము వచ్చుచున్నదని తెలిసి, కాపరిని వెళ్ళగొట్టి గేటుకు తాళము వేసినచో, అది పచ్చికను కాపాడుట కాదు. మేపు లేని బీడు కొన్నాళ్ళకు ముండ్లపొదయగును. భూమిని నిలిపిన చేయియు, మంద తోలిన కాలును రెండును కూలికి అర్హములే.

కనుక మా కోరికలు ఇవి. మొదట, కొరంగాడును తరిశు అని గాక మేతభూమి అని రెవెన్యూ లెక్కలలో వ్రాయవలెను. రెండవది, పదేండ్ల ఒడంబడికపై ఎకరమునకింతయని ఏటేట చెల్లింపవలెను. సర్కారు తుమ్మను తీసిన యేడు అదనముగా ఇయ్యవలెను. మూడవది, ఆ మొత్తములో కౌలు కాపరికి వాటా పత్రములోనే వ్రాయవలెను. నాలుగవది, గడ్డి నిలిచినదా లేదా అను తనిఖీ ఊరివారి ఎదుట జరుగవలెను. కచేరీలో కాగితము మీద కాదు.

మేము పిండి, పత్తిగింజల వర్తకము చేయువారమని ఈ పత్రిక చదువరులకు తెలియును. బీడు తరిగినకొలది మా కొట్టులో బస్తా అమ్మకము పెరుగును. ఆ లాభము మాకు వలదని చెప్పుచున్నాము. ఎందుకనగా, ఎద్దు లేని నాడు పిండి కొనువాడును ఉండడు.

ఉడుమలపేట దగ్గర సోమవారపట్టి ఆల్కొండమాల్ కోవెలకు సంక్రాంతి దినములలో పోయి, పశువుల క్షేమము కోరి పాలును, మట్టిబొమ్మలును సమర్పించు ఆచారము మనలో ఇంకను పోలేదు. మట్టి ఎద్దును దేవునికిచ్చి, నిజమైన ఎద్దు మేయు నేలను దళారికిచ్చుట భక్తియగునా?

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును మేతబయళ్ళకును, పశుకాపరులకును అంకితము చేసినది. సభలు, ఉపన్యాసములు ఎవరైనను జరుపగలరు. మన పని వేరు. బీడు గల ప్రతి కుటుంబమును, బీడు మేపు ప్రతి కుటుంబమును కలిసి ఒకే అర్జీపై సంతకము చేయవలెను. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు మనకున్నది. తమిళమున వ్రాయగలవారు తమిళమున వ్రాయుడు, తెలుగున వ్రాయగలవారు తెలుగున వ్రాయుడు. గడ్డికి భాష లేదు; కాని దాని పక్షమున మాటలాడువారికి నోరుండవలెను.