ఒంటిగది కిరాయి



మా పినతండ్రిగారి కొమార్తె నర్సు శిక్షణ ముగించుకొని, గడచిన వేసవిలో మహబూబ్‌నగరమున నొక యాసుపత్రిలో ఉద్యోగమున చేరినది. మేముండుట జడ్చర్లలో. మా యింటనుండియే పోయి రమ్మంటిని గాని, రాత్రి డ్యూటీలు గల పిల్ల దినదినము బస్సుల కొరకు నిలువజాలదు గదా! "అక్కా, నాకొక్కదానికి ఒక్క గది చాలును. నీవు తోడు వచ్చితివా, ఇల్లు దొరకును" అనినది. సరేయని బయలుదేరితిని.

హైదరాబాదులో మేడలు కట్టి యమ్మువారు, పడకయు వంటయు నొక్కచోటనే యుండు ఇట్టి యింటికి స్టూడియో అపార్టుమెంటని ఘనమైన పేరు పెట్టినారు. మన పాలమూరులో అది సింగిల్ రూమే. (1890లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర ఈ యూరు మహబూబ్‌నగరమైనను, మా నోట నేటికిని పాలమూరే.) మిద్దెపైన నొక యర్ర, మూల వంటబండ, చెంతనే స్నానపు గది, అంతియే. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము, 2016లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినవి. చదువునకును కొలువునకును ఒంటిగా వచ్చు ఆడపిల్లలు నేడు ఏ వీధిలో చూచినను కానవచ్చుచున్నారు. గేట్లకు వ్రేలాడు పలకలపై మాత్రము "ఫ్యామిలీలకు మాత్రమే" యని యుండును.

మెట్టుగడ్డ మొదలు ఏనుగొండ వరకు ఒక దినమంతయు తిరిగి నాలుగిండ్లు చూచితిమి. మొదటి యింటివారు కులమడిగిరి. రెండవవారు పెండ్లి యెప్పుడని యడిగిరి. మూడవ యింట గది మంచిది, గాలి వెలుతురు కలవు. కాని రాత్రి తొమ్మిది దాటిన గేటు తీయమనిరి. నర్సునకు తొమ్మిదికే పని మొదలు! నాలుగవ యింటి యిల్లాలు మా చెల్లెలి యెదుటనే నా వంక తిరిగి, "ఒక్కతే ఉంటదా? ఎవరన్న వచ్చిపోతుంటరా?" అని ప్రశ్నించెను. చెల్లెలు తలవంచుకొనినది. దినమునకు పండ్రెండు గంటలు పరుల రోగములకు సేవచేయు పిల్ల, ఒక గది కొరకు తన శీలమునకు సాక్ష్యము చెప్పుకొనవలసి వచ్చినది.

నాకు కోపము రావలసినది, సిగ్గు కలిగినది. మూడేండ్ల క్రిందట, పోలేపల్లి వద్ద నొక మందుల కర్మాగారములో పనిచేయు పిల్ల మా మిద్దెపైని గది యడుగ వచ్చినది. రాత్రి షిఫ్టు అనగానే, "ఈ గది ఇదివరకే మాట యిచ్చితిమి" అని బొంకితిని. ఆ పిల్లకు మంచినీరైన నిచ్చితినో లేదో జ్ఞాపకము లేదు. గమనించితిరా, ఈ నాలుగిండ్లలో నొక్కచోటనైనను మగవారు మమ్ము నిలదీయలేదు. ప్రశ్నించినవారము, గేటు మూసినవారము మనమే.

ఇక గది చూచునపుడు పనికివచ్చు సంగతులు. గోడల రంగు చూచి మురియరాదు. నడిమధ్యాహ్నమున కుళాయి త్రిప్పి చూడవలెను. మన మెట్టసీమలో ఎండకాలమునకు బోరు నిలుచునా లేదా యని ప్రక్కింటివారినే యడుగవలెను. తలుపునకు లోపలి గడియ గట్టిగా నుండవలెను. మెట్లు ఇంటివారి నట్టింటి గుండా గాక బయటినుండి యున్న మేలు. విద్యుత్తు మీటరు వేరుగా నున్నదా, లేనిచో యూనిటునకెంత యని ముందే తేల్చుకొనవలెను.

కాగితము మాట మరువకుడు. నెలనెలా కిరాయిపై నున్న యింటిని, వేరు ఒడంబడిక లేనిచో, 15 దినముల ముందు వ్రాతమూలకముగా తెలిపి ఖాళీ చేయింపవచ్చునని 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. ఒంటరి పిల్లకు 15 దినములలో మరియొక గది యెక్కడ దొరకును? కావున ఒకటి రెండు నెలల గడువును పత్రమున వ్రాయించుకొనవలెను. ఏడాదికి మించిన పత్రమునకు 1908వ సంవత్సరపు చట్టము ననుసరించి రిజిస్ట్రేషను తప్పదు. అందుచేతనే లోకులు 11 నెలలకు వ్రాయుదురు. అడ్వాన్సు ఎంత యిచ్చినది, అందు సున్నములకని ఎంత తగ్గింతురు అనునదియు అందే యుండవలెను.

అయిదవ యిల్లు ఒక ముసలమ్మది. ఆమె వయసులో నుండగా భర్తతో కూలికై బొంబాయి వలసపోయి, అచట ఒక్క గదిలో ఏడుగురితో కాలము గడపినదట. మన జిల్లా నుండి అట్లు పోయినవారి కుటుంబములు ఎన్ని లేవు! ఆమె మా చెల్లెలిని అడిగినది ఒక్కటే: "రాత్రి డ్యూటీలున్నయా బిడ్డా? అయితే గేటు తాళంచెవి ఒకటి నీ దగ్గర్నే పెట్టుకో." కిరాయి నాలుగువేల యైదువందలు, రెండు నెలల అడ్వాన్సు. ఆమెకు వ్రాత రాదు. చెల్లెలే రసీదు వ్రాసి చదివి వినిపింపగా, ముసలమ్మ రెండుమార్లు విని వ్రేలిముద్ర వేసినది.

మా మిద్దెపైని గది మూడు నెలలనుండి ఖాళీగా నున్నది. మొన్న ఆదివారము మావారిని నిచ్చెన యెక్కించి, మా పలకమీది "ఫ్యామిలీలకు మాత్రమే" అను అక్షరములపై సున్నము పూయించితిని.