మెత్తని పాటకు జడిసిన రాజ్యాలు

సంగీతం వల్ల రాజ్యాలు కూలుతాయన్న నమ్మకం చైనాలో చాలా పాతది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దానికి చెందిన హాన్ ఫెయ్ గ్రంథంలో ఒక కథ ఉంది. ఒక రాజు ప్రయాణమధ్యంలో నదీతీరాన విడిది చేసిన రాత్రి ఒక వింత నాదం విని ముగ్ధుడవుతాడు. తన వైణికుని చేత దానిని పట్టించి, తరువాత వేరొక రాజు కొలువులో వాయింపజేస్తాడు. ఆ కొలువులోని అంధ విద్వాంసుడు షి క్వాంగ్ వాద్యం మీద చేయి వేసి ఆపేస్తాడు. అది నశించిన రాజ్యపు సంగీతమట, వినరాదట. అటువంటి జాలువారే, మనసును సడలించే సంగీతానికి ఆ భాషలో 'మీమీ' అన్న విశేషణం స్థిరపడింది. రెండువేల ఏళ్ళకు పైగా గడిచాక అదే విశేషణాన్ని దుమ్ము దులిపి తీసి, తైవాన్ గాయని డెంగ్ లీజ్యున్ పాటలకు తగిలించారు.

వెలుపలి ప్రపంచానికి ఆమె టెరెసా టెంగ్. 1953 జనవరి 29న తైవాన్‌లోని యూన్‌లిన్ జిల్లాలో ఒక పల్లెలో పుట్టింది. 1995 మే 8న థాయిలాండ్‌లోని చియాంగ్ మై నగరంలో, ఒక హోటల్లో ఉబ్బసం ముదిరి కన్నుమూసింది. నలభై రెండేళ్ళ ఆయువు. ఆమెను గురించి రాసేవారు సాధారణంగా అమ్ముడుపోయిన రికార్డులు లెక్కపెట్టి, బహుమతులు ఏకరువు పెట్టి, కోకిలతో పోల్చి చేతులు దులుపుకుంటారు. నాకు తోచినది వేరు. ఆమె పాటలలో ధిక్కారం లేదు, నినాదం లేదు. ఒక మనిషి మరొక మనిషితో చెవిలో చెప్పుకునే మాట ఉంది, అంతే. సామూహిక గీతాలకు అలవాటుపడిన రాజ్యానికి కంటగింపైనది అదే. నిషేధించినవారు ఆ శక్తిని సరిగ్గానే గుర్తించారు. నెత్తిన పెట్టుకున్నవారూ గుర్తించి వాడుకున్నారు. మధ్యలో నలిగినది ఆ మనిషి.

తండ్రి హెబెయ్ ప్రాంతపు సైనికుడు, తల్లి షాన్‌డోంగ్ స్త్రీ. 1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడి తైవాన్ చేరిన లక్షలాది కుటుంబాలలో వారిదొకటి. ఆ రోజుల్లో 'లియాంగ్ షాన్‌బో - జూ యింగ్‌తాయ్' ప్రేమగాథను తీసిన హాంగ్‌కాంగ్ చిత్రం (1963) తైవాన్‌ను ఊపివేసింది. అందులోని పాట ఒకటి పాడి, రేడియో పోటీలో మొదటి బహుమతి పొందేనాటికి ఆమెకు నిండా పన్నెండేళ్ళు లేవు. 1967లో తొలి రికార్డు వచ్చింది. ఇంచుమించు అప్పుడే బడి మానేసింది. (జీవితమంతా బడిలోనే గడిపినవాణ్ణి, ఈ వాక్యం రాయడానికి నా చేయి కాస్త వెనకాడింది.) 1969లో సినిమాలో నటించింది, తరువాతా కొద్దిగా నటించింది. నటిగా ఆమెను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆమె కంఠంలో విశేషమేమిటి? స్థాయి కాదు, గమకాల ఆడంబరం కాదు. మన ఆలంకారికులు ప్రసాదగుణమన్నారే, అది. ఎండుకట్టెకు నిప్పు అంటుకున్నట్టు అర్థం మనసును తాకాలన్నారు. ఆ భాష రాని నా చెవికి కూడా ఆమె పాటలో పదానికి పదం విడివిడిగా, ముత్యపు గింజల్లా వినిపిస్తుంది. మాట మీద పాట స్వారీ చేయదు. కొన్ని పాటల సాహిత్యం పలుచనిదే, కాదనను. వెన్నెలను హృదయంతో పోల్చే ఆ జగద్విదిత గీతం (ఆమె కంటే ముందు 1973లో చెన్ ఫెన్‌లాన్ పాడినది, ఈమె 1977లో పాడినది) అర్థం చెప్పించుకుని చూస్తే మహాకావ్యమేమీ కాదు. కాని ఆ పలుచనితనాన్ని దాచకుండా, దానికి లేని బరువు తగిలించకుండా పాడటమూ ఒక సంస్కారమే.

1974లో జపాన్‌లో రికార్డుల కంపెనీ కింద రంగప్రవేశం చేసింది. 'విమానాశ్రయం' అన్న రెండవ పాటకే నూతన గాయనిగా పురస్కారం వచ్చింది. 1972లో జపాన్ తైవాన్‌తో దౌత్యసంబంధాలు తెంచుకున్నది. తైవాన్ పాస్‌పోర్టుతో దేశాలు తిరగడం ప్రయాసగా ఉన్న ఆ కాలంలో, 1979లో ఆమె సక్రమం కాని ఇండొనేసియా పాస్‌పోర్టుతో టోక్యోలో దిగి పట్టుబడింది. ఏడాదిపాటు జపాన్‌లో అడుగుపెట్టరాదన్నారు. కొంతకాలం అమెరికాలో తలదాచుకున్నది. తప్పు తప్పే. అయితే అన్ని దేశాలవారూ చెవి ఒగ్గే ఒక కంఠానికి, నిలకడగా చెల్లే ఒక కాగితం లేకపోవడం కూడా చూడవలసిన విషయమే కదా!

సరిగ్గా అదే సమయంలో చైనాలో తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. దొంగచాటుగా వచ్చిన క్యాసెట్లు, వాటి మీద నకళ్ళు, నకళ్ళ మీద నకళ్ళు. దశాబ్దంపాటు విప్లవగీతాలు తప్ప వినని జనానికి 'నేను', 'నీవు' అన్న ఏకవచనం పాటలో మళ్ళీ వినిపించింది. పగటివేళ ఏలేది డెంగ్ సియావోపింగ్, రాత్రివేళ ఏలేది డెంగ్ లీజ్యున్ అని జనం చమత్కరించుకున్నారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే మరి. అధికారులు మాత్రం వీటిని 'పచ్చ పాటలు' అన్నారు. మనం అశ్లీలానికి నీలిరంగు పులిమితే వారు పసుపు పులిమారు. అటువంటి పాటలను పసిగట్టడమెలాగో చెప్పే ఒక చిన్న పుస్తకమే 1982లో ప్రభుత్వ సంగీత ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. 1983లో 'ఆధ్యాత్మిక కాలుష్యం' మీద ఉద్యమం వచ్చింది.

ఇక్కడ ఒక శ్లేష చెప్పకుండా ముందుకు పోలేను. ఆ పుస్తకం ప్రత్యేకంగా తప్పుపట్టిన పాటలలో ఒకటి, 'మళ్ళీ నీవు వచ్చేదెన్నడు' అని అర్థం వచ్చే పాత షాంఘై పాట. 1930ల చివర జో షుయన్ అన్న తార పాడినది; లీజ్యున్ తిరిగి పాడింది. అందులో ప్రియుణ్ణి సంబోధించే మాట 'జ్యున్'. సైన్యానికి కూడా ఉచ్చారణలో సరిగ్గా అదే మాట, రాసే అక్షరం మాత్రమే వేరు. వీరు ఎదురుచూస్తున్నది ప్రియుణ్ణా, సేననా అని అనుమానం. యుద్ధకాలంలో ఒక పక్షానికి అది జపాను సేనకు స్వాగతమనిపిస్తే, జపానువారికి చైనా సేన కోసం నిట్టూర్పు అనిపించింది. స్వరకర్త ల్యూ ష్యూఆన్ మీద 1957లో మితవాది ముద్ర వేసినప్పుడు ఈ పాటనూ నేరాలలో చేర్చారు. శ్లేషను ఆస్వాదించలేనివాడికి అది నేరంగానే కనిపిస్తుంది కాబోలు. లీజ్యున్ పేరులోని 'జ్యున్' కూడా ఆ ప్రియవాచకమే. అసలు పెట్టిన పేరులోని అక్షరం 'యూన్' అని పలకవలసినది. అందరూ జ్యున్ అని తప్పు పలుకుతుంటే, ఆ తప్పునే రంగస్థల నామంగా స్వీకరించింది.

తైవాన్ ప్రభుత్వమూ తక్కువ తినలేదు. చైనా తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న కిన్‌మెన్ దీవి మీద 1967లో ఒక కాంక్రీటు గోడ కట్టి 48 లౌడుస్పీకర్లు బిగించారు. ఫిరంగులు నిలిచిన తరువాత కూడా వాటి నుంచి ప్రచారం సాగింది. ఆమె పాటలు, ఆమె మాటలు సముద్రం దాటించారు. 1981లో సేనల నడుమ ఆమె పాడిన టెలివిజన్ కార్యక్రమానికి పెట్టిన పేరులోనూ ఈ 'జ్యున్'నే వాడుకున్నారు: సరిహద్దు కావలిలో నీవు, సరిహద్దు కావలిలో సేన, సరిహద్దు కావలిలో లీజ్యున్, ఎలా విన్నా సరే. 'సైనికుల ప్రేయసి' అన్న బిరుదు ఇచ్చారు. దానిని గౌరవంగా చెప్పుకునేవారు చాలామంది. నాకది గౌరవంగా తోచదు. మాటకు ఒక్కరినే సంబోధించే పాటను ఫిరంగికి బదులు గోడకు బిగించడం, దానిని నిషేధించడానికి అట్టే దూరం లేదు. ఆమె సైనికుని కూతురు, ఆ సేవను మనసారా చేసింది. అది వేరే సంగతి.

ఆమె జీవితంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది 1983లో వచ్చిన ఒక సంపుటికి. పన్నెండు పాటలు, పన్నెండూ వెయ్యేళ్ళ నాటి పద్యాలు. చైనీస్ సాహిత్యంలో 'త్సు' అన్న ప్రక్రియ ఉంది. ముందే ఉన్న బాణీకి మాటలు కూర్చుతారు. పద్యానికి శీర్షికగా ఆ బాణీ పేరే ఉంటుంది. కాలక్రమాన బాణీలు పోయాయి, పేర్లు మిగిలాయి. రాగిరేకుల మీద రాగనామం మిగిలి వరుస పోయిన అన్నమయ్య కీర్తనలకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు మళ్ళీ స్వరాలు కట్టినట్టే, ఇక్కడా ఆధునిక స్వరకర్తలు పూనుకున్నారు. సు షి 1076లో, శరత్పూర్ణిమ రాత్రి, దూరాన ఉన్న తమ్ముణ్ణి తలచుకుని రాసిన పద్యానికి లియాంగ్ హోంగ్‌జి స్వరం కట్టాడు. రాజ్యం పోగొట్టుకుని శత్రురాజధానిలో బందీగా మరణించిన లీ యూ పద్యాలు మూడు ఇందులో ఉన్నాయి. ఆ దుఃఖపద్యాలే అతని ప్రాణం తీశాయని ఐతిహ్యం. 'మీమీ' అని ఈసడించబడిన కంఠం, నశించిన రాజ్యపు రాజు పద్యాన్ని అందుకున్నది. షి క్వాంగ్ ఉంటే ఏమనేవాడో!

పద్యం పండితుల సొత్తు, లలితగీతం పామరుల సొత్తు అన్న గోడ ఒకటి మన నాట కూడా ఉన్నదే. ఆ గోడను ఆమె వాదించి కూల్చలేదు. అదే కంఠంతో, అదే మెత్తదనంతో, ఆవగింజంత గాంభీర్యం కూడా అదనంగా చేర్చకుండా పాడేసింది. ఈనాడు చైనా పిల్లలకు సు షి పద్యం పాటగానే నోటికి వస్తున్నదంటే, ఆ పుణ్యంలో పెద్దపాలు ఆమెదే.

జపాన్‌లో 1984 నుంచి వరుసగా మూడేళ్ళు కేబుల్ ప్రసారాల పురస్కారం గెలిచింది. చైనాలో కూడా ఆంక్షలు సడలాయి, అక్కడ పాడాలన్న మాటా వచ్చింది. 1989 మే 27న హాంగ్‌కాంగ్ గుర్రప్పందేల మైదానంలో, బీజింగ్ విద్యార్థులకు మద్దతుగా జరిగిన సభలో ఆమె అలంకరణ లేకుండా, తలకు పట్టీ కట్టుకుని, సైనిక పాలన వద్దన్న పలక మెడలో వేసుకుని నిలబడింది. కొండకు ఆవల ఉన్న ఇంటిని తలచుకునే పాట పాడింది. ఎవరూ గోడకు బిగించకుండా, ఎవరూ బిరుదు ఇవ్వకుండా తానుగా నిలబడిన సందర్భం అది. వారం తిరిగేసరికి తియానన్‌మెన్ రక్తసిక్తమయింది. చైనాలో ఆమె కచేరీ జరగనే లేదు. ఆ తరువాత పారిస్‌లో నివసించింది, పాడటం తగ్గించింది.

శవపేటిక మీద తైవాన్ జాతీయ పతాకం కప్పారు. సమాధి తోటకు మాత్రం జ్యున్ అని కాక, పుట్టినప్పటి పేరుతో 'యూన్' తోట అని పెట్టారు. అక్కడ నేల మీద పియానో మీటల్లాంటి పెద్ద పలక ఉంది. వచ్చినవారు దాని మీద కాలు వేస్తే స్వరం పలుకుతుంది. కిన్‌మెన్ గోడ కూడా ఉన్నది, యాత్రికుల కోసం ఆమె గొంతునే వినిపిస్తున్నది. 2009లో చైనాలో జరిగిన అంతర్జాల ఓటింగులో, 1949 తరువాతి సాంస్కృతిక ప్రముఖులలో ఎక్కువ ఓట్లు పడినది ఆమెకే.

మిత్రులకు ఒక మనవి. ఆమెను మొదటిసారి వినేవారు వెన్నెల పాటతో మొదలుపెట్టకండి. అది ఎలాగూ ఎక్కడో ఒకచోట చెవిన పడుతుంది. 1983 నాటి ఆ సంపుటిలో సు షి పద్యం వినండి, తరువాత లీ యూ పద్యం, ఒంటరిగా పడమటి మేడ ఎక్కడమన్నది. అర్థం ముందుగా చదవవద్దు. రెండోసారి వినేటప్పుడు చదువుకోవచ్చు.