అతుకు గోరుకు తగలకూడదు

నాంపల్లి కోర్టులో అర్జీలు రాసుకునే నాకు ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ అంటే ప్రాణం. 1928 నాటి దుకాణం అది. వాళ్ల ఎబొనైట్ పెన్నుల్లో ఒక మోడల్ పేరు ‘అడ్వొకేట్’. నా జేబులో ఉన్నది అదే.

రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికిస్తే వచ్చే ఎబొనైట్‌తోనే పొగాకు పైపుల నోటి గొట్టాలూ చేస్తారు. (పొగ నాకు గిట్టదు, పనితనం మాత్రం ఇష్టం.) ఎక్కడైనా అసలు పరీక్ష అతుకు దగ్గరే. పైపు కొయ్య కాడనీ నోటి గొట్టాన్నీ విడివిడిగా నునుపు చేసి కలిపితే మధ్యలో మెట్టు తేలుతుంది. ముందు బిగించి, ఆ తర్వాత రెండింటినీ కలిపి అరగదీయాలి. కాడలోకి దూరే ముక్క కాస్త వాలినా ఒకవైపు సందు కనబడుతుంది. హడావిడిగా రుద్దితే వేడికి ఎబొనైట్ మెత్తబడి అంచు పాడవుతుంది.

పెన్ను కొనేటప్పుడు నిబ్బు భాగం గొట్టంలోకి బిగిసే చోట గోరు అడ్డంగా నడిపి చూస్తాను. ఎక్కడా తగలకపోతే ఇక బేరమాడను. ఆ నునుపులో పనివాడి ఓపికంతా ఉంది, దానికి ధర కట్టాల్సిందే.

ఈ పనితనం నిలవాలంటే కొత్తవాళ్లకు నేర్పాలి. మన ఐటీఐల్లో లేతు పని నేర్పే టర్నర్ ట్రేడు ఉంది. ఇనుముతో పాటు ఎబొనైట్ కడ్డీ కూడా ఆ పిల్లల చేతికివ్వాలి. ఆబిడ్స్, రాజమండ్రి పెన్నుల పనివాళ్లను మంచి జీతమిచ్చి పిలిపించి, లేతు పక్కన నిలబెట్టి నేర్పించాలి.