బంతిని నమ్ముకుంటే బతుకు సాగుతుందా?

2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఫుట్‌బాల్ దిగ్గజం లియొనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం హోరెత్తింది. సాక్షాత్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మైదానంలోకి దిగి బంతి ఆడారు. విశ్వవిఖ్యాత క్రీడాకారుణ్ణి కళ్లారా చూడాలని పిల్లలు ఉబలాటపడటంలో తప్పేమీ లేదు. అయితే అంతకు రెండు నెలల ముందే, అక్టోబరులో, మన నగరం పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్.సి. క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి తరలిపోయింది. అక్కడ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. అతిథికి పట్టిన హారతిలో పదో వంతు శ్రద్ధ అయినా ఇంటిబిడ్డ మీద చూపామా అన్నది మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇది కేవలం ఆటకు సంబంధించిన ముచ్చట కాదు. టోలిచౌకి, గోల్కొండ, బార్కస్ ప్రాంతాల్లో సాయంత్రమైతే బంతి తన్నే పిల్లలు వందల్లో ఉన్నారు. వారిలో ఏ ఒక్కడో ఇంటికొచ్చి 'అబ్బా, నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి అవుతాను' అంటే ఆ తండ్రి ఏం జవాబు చెప్పాలి? ఆటను వృత్తిగా నమ్ముకున్న వారి జీవితాలను పరిశీలిస్తేనే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఉద్యోగం నీడలో ఎదిగిన ఆట

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పునాది వేసినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరాంను సానబెట్టింది రహీమే. ప్రతిభను చూసేటప్పుడు ఆయన పేటను గానీ, మతాన్ని గానీ చూడలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆనాటి పోలీసు జట్టు ఆటగాడికి ఆటతోపాటు శాఖలో ఉద్యోగం ఉండేది. మోకాలు దెబ్బతిన్నా, వయసు మీదపడినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఆట అతని కీర్తి, ఉద్యోగం అతని అన్నం. ఈ రెండూ ఒకే చోట ఉండటం వల్లనే సామాన్య కుటుంబాలు తమ పిల్లలను ధైర్యంగా మైదానానికి పంపాయి. పోలీసు జట్టు వైభవం క్రమంగా తగ్గడంతో ఆ ధైర్యమూ తగ్గిపోయింది.

తెగించినవాడు హబీబ్

ఈ ఆనవాయితీకి ఎదురు నిలిచినవాడు మహమ్మద్ హబీబ్. 1949 జూలై 17న హైదరాబాద్‌లో జన్మించిన హబీబ్ 1960వ దశకంలోనే కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లన్నింటికీ ఆడాడు. బడే మియా అని అక్కడివారు ఆప్యాయంగా పిలుచుకున్నారు. తోటి ఆటగాళ్లు బ్యాంకుల్లో, రైల్వేలో కొలువులు చూసుకుంటుంటే అతను మాత్రం ఆటనే వృత్తిగా ఎంచుకున్నాడు. అందుకే భారతదేశపు తొలి సిసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని అతణ్ణి పేర్కొంటారు. సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో అతనున్నాడు. ఆ నాయకుడూ హైదరాబాదీయే. 1977 సెప్టెంబరులో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2తో సమానంగా నిలిచినప్పుడు ఒక గోల్ హబీబ్‌దే. 1980లో అర్జున పురస్కారం లభించింది. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

హబీబ్ తెగింపు మెచ్చదగినదే. అయితే ఆ తెగింపు ఫలించడానికి అతను కలకత్తా వెళ్లవలసి వచ్చింది. లక్షలాది అభిమానుల ఆదరణతో దశాబ్దాలుగా నిలదొక్కుకున్న క్లబ్బులు అక్కడ ఉన్నాయి. కలకత్తా లేకుంటే హబీబ్ కూడా ఏదో ఒక కార్యాలయంలో గుమస్తాగా మిగిలేవాడేమో!

అద్దాల మేడల నడుమ

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడినప్పుడు ఇక మన పిల్లలు కలకత్తా దారి పట్టనక్కరలేదన్న ఆశ చిగురించింది. 2002 జాతీయ క్రీడల నేపథ్యంలో గచ్చిబౌలిలో నిర్మించిన బాలయోగి స్టేడియం ఆ క్లబ్బుకు నెలవైంది. హైటెక్ సిటీకి కూతవేటు దూరం. చుట్టూ ప్రపంచ ప్రసిద్ధ కంపెనీల అద్దాల మేడలు. ధనానికి గానీ, చదువుకున్న యువతకు గానీ కొదవ లేని ప్రాంతం. క్లబ్బు నిలదొక్కుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉంటుందా?

అయినా నిలదొక్కుకోలేదు. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేతగా నిలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. కానీ కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. నగరం తన విజేతను సొంత మైదానంలో చూసుకునే భాగ్యానికి నోచుకోలేదు. మరుసటి సీజన్‌లోనూ పట్టికలో రెండో స్థానం. ఆపైన పతనం మొదలైంది. జీతాల బకాయిలు పేరుకున్నాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023–24లో జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో ఊరే మారింది.

హైదరాబాద్ ఒక్కటే కాదు. లీగ్ నిర్వహణ ఒప్పందం సందిగ్ధంలో పడటంతో 2025 ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. వంటి పెద్ద క్లబ్బు సైతం ఆటగాళ్ల జీతాలు నిలిపివేసింది. నేటి ఆటగాడికి ఒప్పందం ఉంది, కానీ హబీబ్‌కు దొరికిన క్లబ్బు స్థిరత్వం గానీ, రహీమ్ శిష్యులకు దొరికిన ఉద్యోగ భద్రత గానీ లేవు.

జర్మనీ నేర్పే పాఠం

ఈ సందర్భంలో జర్మనీ ఆటగాడు మెసుత్ ఓజిల్‌ను ప్రస్తావించుకోవడం అవసరం. టర్కీ నుంచి వలస వచ్చిన కార్మిక కుటుంబానికి చెందిన ముస్లిం యువకుడతను. 1988లో గెల్సెన్‌కిర్షెన్ అనే బొగ్గుగనుల పట్టణంలో పుట్టాడు. అక్కడి షాల్కే క్లబ్బుతో కలిసి పనిచేసే ఒక ప్రభుత్వ పాఠశాలలో చదువుకుంటూనే ఆట నేర్చాడు. షాల్కే, బ్రెమెన్, రియల్ మాడ్రిడ్, ఆర్సెనల్ క్లబ్బులకు ఆడి, 2014లో జర్మనీ ప్రపంచ కప్ గెలిచిన జట్టులో కీలక ఆటగాడయ్యాడు. 2018లో టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌తో దిగిన ఫొటోపై దుమారం చెలరేగింది. గెలిచినంతకాలం జర్మన్‌గా, ఓడినప్పుడు వలసవాడిగా చూస్తున్నారని ఆవేదన చెంది అతను జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఆ వివాదంలో ఎవరి వాదన వారిది. మనకు కావలసింది అంతకు ముందు జరిగిన కథ.

2000 యూరో కప్‌లో ఘోరంగా ఓడిన జర్మనీ కొత్త తారల కోసం వెతుక్కోలేదు. పెద్ద క్లబ్బులన్నీ యువ శిక్షణ కేంద్రాలు నడపాలని నిబంధన పెట్టింది. ఆ కేంద్రాలు బడులతో చేతులు కలిపాయి. బంతి వెంట పరుగెత్తిన ప్రతి పిల్లవాడూ ఓజిల్ కాలేడు. కాలేనివాడి చేతిలో కనీసం చదువు మిగులుతుంది. అంతేకాదు, కొద్ది మినహాయింపులతో అక్కడి క్లబ్బుల్లో మెజారిటీ ఓటు సభ్యులదే. ధనవంతుడు పెట్టుబడి పెట్టవచ్చు గానీ క్లబ్బును మూటగట్టుకుని మరో ఊరికి పోవడం తేలిక కాదు. హైదరాబాద్ ఎఫ్.సి. పోతుంటే అభిమాని చేతిలో ఓటు లేదు, కన్నీరు తప్ప.

మనం చేయవలసింది

కాబట్టి ఆ తండ్రి 'వద్దు' అనవలసిన పని లేదు. 'చదువు మానకుండా ఆడు' అంటే చాలు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు సంతకం చేసింది. ప్రతిభ ఉంటే దారులు మూసుకుపోలేదనడానికి ఇదే నిదర్శనం. ఆడపిల్లలున్న తల్లిదండ్రులూ ఈ విషయం గుర్తుంచుకోవాలి. శిక్షణ కేంద్రం వారు సొమ్ము అడిగితే, అక్కడి నుంచి ఎందరు ఏ జట్టుకు ఎదిగారో, పిల్లవాడి బడి వేళలు ఏమవుతాయో, గాయపడితే వైద్యం ఎవరిదో ముందే అడిగి తెలుసుకోవాలి.

మన సమాజం నడిపే పాఠశాలలకు, కళాశాలలకు కూడా బాధ్యత ఉంది. ఐటీ ప్రాంతంలో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు జీతగాళ్లకు సరే, పేద పిల్లవాడికి అవి అందని పండ్లు. ఉన్న మైదానాన్ని సాయంత్రం రెండు గంటలు పేట పిల్లలకు తెరిచి ఉంచితే పైసా ఖర్చు లేకుండా ఎంతో మేలు జరుగుతుంది. బడుల మధ్య ఏటా క్రమం తప్పకుండా పోటీలు నడిపితే మరీ మంచిది. ప్రభుత్వం కూడా గచ్చిబౌలి స్టేడియాన్ని సభలకు, సంబరాలకు మాత్రమే పరిమితం చేయక జిల్లా లీగులకు కేటాయించాలి. పోలీసు తదితర శాఖల జట్లను పునరుద్ధరించి క్రీడాకారులకు ఉద్యోగాలు ఇవ్వాలి.

రహీమ్ చేతిలో కోట్ల రూపాయల క్లబ్బు లేదు. మైదానం, క్రమశిక్షణ, పిల్లల మీద నమ్మకం మాత్రమే ఉన్నాయి. యజమాని తీసుకుపోగలిగింది క్లబ్బు పేరును మాత్రమే. పిల్లలు, మైదానాలు ఇంకా మన దగ్గరే ఉన్నాయి. వాటిని కలపడం మన చేతుల్లోని పనే కదా!