పంటుకి టైమెందుకు ఉండదు?

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్తూ గోదావరి రేవులో పంటు కోసం నిలబడ్డాను. పక్కన ఓ బాలింత, చేతిలో నెలల బిడ్డ. నలభై నిమిషాలైనా పంటు జాడ లేదు. టికెట్లిచ్చే అబ్బాయినడిగితే "అవతల నిండాక వస్తుందండీ" అన్నాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లోనూ ఇదే జవాబు!

సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులు ఎరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. అవతలి గట్టు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కాలేజీకైనా, కాన్పుకైనా పంటే దగ్గరి దారి. మా కాలేజీ రోజుల్లో రేవులో మరుగుదొడ్డి లేక పొద్దుట నీళ్లు తాగకుండా బయల్దేరేవాళ్లం. సాయంత్రం ప్రాక్టికల్స్ సగంలో వదిలేసి చివరి పంటుకి పరుగు. పీజీలో చేరతానంటే నాన్నగారు వద్దన్నది మార్కులు తక్కువై కాదు, ఆ చివరి పంటు భయంతోనే. ఈ మాట ఆయన ఇప్పటికీ ఒప్పుకోరనుకోండి!

"వంతెన వస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. నిజమే, 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక అక్కడి వాళ్లకి ఎంతో సుఖమైంది. మరి వంతెన వచ్చేదాకా మనుషులు ఏరు దాటడం మానుకుంటారా? 2018 జులైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి, బడి నుంచి ఇళ్లకు పోతున్న ఆడపిల్లలు గోదావరి పాలయ్యారు. ఆ పడవ తగిలింది దేనికనుకున్నారు? కడుతున్న వంతెన స్తంభానికే.

కేరళలో పడవలు నడపడానికి ప్రభుత్వానికి ఓ శాఖే ఉంది. వైక్కం దగ్గర 2017 నుంచి ఎండతో నడిచే పడవ తిప్పుతున్నారు. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో ఎక్కే చోటు నీటితోపాటే లేచి దిగుతుంది, ముసలివాళ్లు కూడా తడబడక్కర్లేదు. మనకేమో రేవులు వేలంపాటకి. పాట పాడినవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలనుకుంటాడు గానీ, నలుగురి కోసం టైముకి బండి తీస్తాడా? అతన్నని లాభం లేదు. బస్సుకి లేని వేలం పంటుకెందుకు? రేవులో టైముల బోర్డు, ఓ మరుగుదొడ్డి, తలా ఒక లైఫ్ జాకెట్టు, చీకటి పడ్డాక కూడా ఇంకో ట్రిప్పు. ఇవి గొంతెమ్మ కోరికలా చెప్పండి!

ఆ రోజు చివరికి పంటు వచ్చింది. ముందు మోటారుసైకిళ్లు ఎక్కాయి. బాలింత బిడ్డని నా చేతికిచ్చి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తడిసిన బల్ల మీద ఒక్కో అడుగే వేస్తూ ఎక్కింది.