విద్యుద్వాహనం - ఔచిత్య విచారం

కావ్యానికి ఔచిత్యమే జీవితమని క్షేమేంద్రుడు సిద్ధాంతీకరించాడు. విద్యుత్తుతో నడిచే బండిని ఎంచుకోవడానికి కూడ అంతకు మించిన సూత్రం నాకు కనబడలేదు. ఏ పనికి ఏ బండి అన్నది తేల్చుకోకుండా, ధర ఎంత, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు అన్న రెండు ప్రశ్నలతోనే మనవారు అంగడి మెట్లెక్కుతున్నారు.

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించని బండిని మన నిబంధనలు మోటారు వాహనంగా పరిగణించవు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. చదునైన దారిలో నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళి వచ్చే ఉద్యోగికి ఇది చక్కగా సరిపోతుంది. నా అభ్యంతరమల్లా, ఇదే బండిని పాలు పోసేవారికి, కూరగాయలమ్మేవారికి "లైసెన్సు అక్కరలేదు" అన్న ఒక్క మాటతో అంటగట్టడం మీదనే.

లెక్క చూడండి. బండి 80 కిలోలు, మనిషి 70, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు: మొత్తం 200. నూరడుగులకు ఐదడుగులు లేచే ఎత్తును 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, గాలిని, రాపిడిని విడిచిపెట్టినా, సుమారు 680 వాట్లు కావాలి. 250 వాట్లతో ఎక్కితే వేగం తొమ్మిది దాటదు. విశాఖ వంటి ఎగుడుదిగుడు ఊరిలో ఆ మోటారు నిత్యం ఉడికిపోతుంది.

దూరం మాటా అంతే. 48 వోల్టుల, 24 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 1152 వాట్-గంటలు. కిలోమీటరుకు 25 ఖర్చయితే 46 కిలోమీటర్లు వస్తుంది. బరువు వల్ల ఆ ఖర్చు 40కి పెరిగితే 29కి మించదు. గోడపత్రిక మీది అంకె ఖాళీ బండిది.

అన్నిటికన్న ముఖ్యం మరొకటి. రిజిస్ట్రేషను లేని బండికి తప్పనిసరి బీమా లేదు. సరుకుతో ఉన్న బండి ఎవరికైనా తగిలితే పరిహారం ఆ చిరువ్యాపారి ఇంటినుండే రావాలి. రోజు గడవడానికి బండి కొన్నవాని సంసారం ఒక్కనాటితో తలక్రిందులు కావచ్చు. కనుక బరువులు మోసేవారు ధర ఎక్కువైనా రిజిస్ట్రేషను గల బండినే కొనాలని, అది మోయగల గరిష్ఠ భారం ఎంతో కాగితం మీద చూపించమని అడగాలని నా నిశ్చితాభిప్రాయం. ఖాళీ బండిని నడిపి చూడడం పెండ్లిచూపుల వంటిది. సంసారం ఎలా ఉంటుందో అది చెప్పదు. తమ సరుకును తామే ఎక్కించి నడిపి చూడాలి.

బండి ఏదైనా, బ్యాటరీని పడకగదిలో ఛార్జింగు పెట్టరాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాదులోను ఇండ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయిన సంగతి మరువరానిది.

మిత్రులలో సరుకు బండి నడిపిన అనుభవజ్ఞులుంటే, నా లెక్కలో లోపముంటే, నిర్మొహమాటంగా తెలుపగోరుతాను.